అప్‌డేట్: ఒకే సరుకుకు షాపుకో రేటు ఎందుకు?

ఒకే కంపెనీ సబ్బుపొడి మూడు సూపర్‌మార్కెట్లలో మూడు రేట్లకు ఎందుకు అమ్ముతున్నారని అప్పట్లో అడిగాను. జవాబులిచ్చిన అందరికీ థాంక్స్. మీరు చెప్పినట్టే నెల రోజులు బిల్లులు దాచి పోల్చి చూశాను.

ముందు బయటపడింది ప్యాకెట్ల సంగతి. చూడ్డానికి ఒకేలా ఉన్నా ఒకటి 1 కిలో, ఇంకోటి 900 గ్రాములు. చవక అనుకున్నదే కిలో లెక్కన ఎక్కువ పడింది. ఇప్పుడు అరల మీద చిన్న అక్షరాల్లో రాసే కిలో రేటు, లీటరు రేటు చూశాకే బుట్టలో వేస్తున్నాను. పెద్ద ప్యాక్ అయినా సరే, ప్రతిసారీ చవక కాదు.

బరువు ఒకటే అయినా తేడా ఉన్నవీ ఉన్నాయి. ఎక్కువ సరుకు కొనే సంస్థలకు టోకున తక్కువకు వస్తుంది. అద్దె, దగ్గర్లో ఉన్న పోటీ కూడా లెక్కలోకి వస్తాయి. అందుకే కాబోలు, ఒకే సంస్థ బ్రాంచీల్లోనూ రేట్లు కలవలేదు.

నాకు నిజంగా కోపం తెప్పించింది వేరే. అందరికీ రేటు గుర్తుండే నాలుగైదు సరుకులను లాభం లేకుండా, ఒక్కోసారి నష్టానికైనా అమ్మి, మిగతావాటి మీద రాబట్టుకుంటారట. నేను చవకని నమ్మిన షాపులోనే మొత్తం బిల్లు ఎక్కువైంది!

ప్రస్తుతానికి రెండు షాపులకే పరిమితమయ్యాను. ఒక్క టూత్‌పేస్టు కోసం మూడోదానికి వెళ్లడం మానేశాను.