క్వాంటమ్ కీకి (ఫైబర్‌లో సన్నని వెలుగుతో ఇద్దరు పంచుకునే రహస్య కోడ్‌కి) ఏ రిసీవర్? ఫోటాన్లు (వెలుగు కణాలు) లెక్కపెట్టేదా, హోమోడైనా?

పర్లాకిమిడి స్ప్లైసర్:
మాస్టారూ, “క్వాంటమ్ కీ అంటే ఒక్కో ఫోటాన్‌నీ లెక్కపెట్టే డిటెక్టరే ఉండాలి, హోమోడైన్ చవకబేరం” అని నిన్న రాశారు. నేను ఒప్పుకోను. ఫైబర్ జాయింట్లు వేసి బతికేవాణ్ణి, మే నెలలో కరెంటు పోయి ఏసీ ఆగితే కాసేపటికే ర్యాక్ మీద చెయ్యి పెట్టలేం. ఫోటాన్ డిటెక్టర్‌ని సున్నాకి ముప్పై నలభై డిగ్రీల కిందకి చల్లబరచాలి, వేడెక్కితే వెలుగు రాకుండానే టిక్కుమంటుంది. ఆ ఉత్తుత్తి టిక్కులతో తప్పులు పెరిగి బీబీ84 అనే కీ పద్ధతిలో సుమారు 11 శాతం దాటాయంటే కీ పారేయాల్సిందే. హోమోడైన్ వచ్చిన వెలుగుని బలమైన లేజర్‌తో కలిపి, రెండు మామూలు ఫోటోడయోడ్ల మధ్య తేడా కొలుస్తుంది. గది వేడి చాలు.

బరంపురం మాస్టారు:
తమ్ముడూ, వేడి సంగతి నిజమే. దూరం కూడా చూడు. ఫైబర్‌లో కిలోమీటరుకు 0.2 డీబీ పోతుంది, అంటే 50 కి.మీ.కి పదింట ఒక ఫోటాన్, 100కి నూటికి ఒకటి మిగులుతుంది. ఫోటాన్ డిటెక్టర్ వచ్చినవాటినే లెక్కలోకి తీసుకుంటుంది. హోమోడైన్ ఏమీ రాకపోయినా ఏదో ఒక అంకె చెబుతుంది, అందులోంచి కీ ఏరడమంటే ఊకలో నూకలు ఏరడమే. జెనీవా వాళ్లు 2018లో 421 కి.మీ. వెళ్లింది ఫోటాన్ డిటెక్టర్లతోనే, హోమోడైన్‌తో 2020లో చైనా వాళ్లు 202 దాటారు.

పర్లాకిమిడి స్ప్లైసర్:
ఆ 421కి వాడినవి సూపర్‌కండక్టింగ్ నానోవైర్లు (అతి చలిలోనే పనిచేసే సన్నని తీగల డిటెక్టర్లు) మాస్టారూ, మైనస్ 272 డిగ్రీల దరిదాపుల్లో ఉంచాలి. మన పలాస లైన్ మెలికలన్నీ కలిపినా 50 అనుకుందాం, దానికి అదంతా ఎందుకు? అసలు నా భయం వేరే. 2010లో మకరోవ్ అనే శాస్త్రవేత్త బృందం మార్కెట్లో అమ్మే క్వాంటమ్ కీ పెట్టెల మీదికి గట్టి వెలుగు కొట్టి డిటెక్టర్లని గుడ్డివి చేసి, తమకి కావాల్సినప్పుడే టిక్కుమనిపించింది. మామూలుగా దొంగ మధ్యలో వింటే తప్పులు పెరిగి పట్టుబడతాడు, ఇక్కడ తప్పుల శాతం పెరగలేదు, కీ అందుకునేవాడికి తెలిసే దారే లేదు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

రాయగడ విద్యార్థి:
అన్నా, గట్టి వెలుగుతో హోమోడైన్‌ని కూడా శాచురేట్ చేయొచ్చు, అంటే ఇక సరిగ్గా కొలవలేనంతగా నింపేయొచ్చు. డిటెక్టర్‌ని నమ్మాల్సిన పని లేకుండా 2012లో ఎండీఐ అనే పద్ధతి వచ్చింది. రెండు చివర్లా పంపేవాళ్లే ఉంటారు, డిటెక్టర్ మధ్యలో దొంగ చేతిలో ఉన్నా కీ బయటపడదు.

పర్లాకిమిడి స్ప్లైసర్:
ఆలోచన చాలా బాగుంది తమ్ముడూ, కానీ మధ్యలో మెళియాపుట్టిలో పెట్టినా ఆ డిటెక్టర్ చల్లగా ఉండాల్సిందే కదా, కరెంటు అక్కడా ఇదే. 50 కి.మీ. లోపు నా ఓటు హోమోడైన్‌కే. ఒకటే షరతు, కలిపే లేజర్ రిసీవర్ దగ్గరే ఉండాలి, ఫైబర్‌లో పంపితే దొంగ దాన్నీ ముట్టుకుంటాడు. లోపలికి వచ్చే వెలుగు ఎంతుందో కొలిచే ఇంకో డయోడ్ కూడా ముందే పెట్టాలి.