పీజీ ప్రోగ్రామ్ పత్రం ముందు రాయాలా, చివర రాయాలా?

ఎర్రఇంకు:
మా విభాగంలో రెండేళ్ల కొత్త పీజీ పెడుతున్నారు, రూపకల్పన కమిటీలో నన్నూ వేశారు. మొదటి సమావేశంలోనే ప్రోగ్రామ్ పత్రం నమూనా ఒకటి చేతిలో పెట్టారు. ప్రోగ్రామ్ లక్ష్యాలు, లెర్నింగ్ అవుట్‌కమ్స్ (చదువయ్యేసరికి విద్యార్థి ఏం చేయగలగాలో చెప్పే వాక్యాలు), ఏ పేపరు ఏ అవుట్‌కమ్‌కి ఎంత తోడ్పడుతుందో 3, 2, 1 అంకెల్లో చూపే మ్యాపింగ్ పట్టిక. ఇంకా పేపర్లేమిటో తేలలేదు, పాఠం చెప్పేదెవరో తేలలేదు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం!

నా వాదన ఇదీ. ముందు మన దగ్గర ఎవరు ఏది బాగా చెప్పగలరో చూసి పేపర్లు, వాటి వరస, పరీక్షలు తేల్చుకోవాలి. ఒక బ్యాచ్ నడిపి చూడాలి. పత్రం ఆ తర్వాత రాయాలి. ముందే రాస్తే అది కోరికల చిట్టా అవుతుంది తప్ప ప్రోగ్రామ్ వర్ణన కాదు.

అనుభవంతోనే అంటున్నాను. గతంలో ఇంకోచోట పనిచేస్తున్నప్పుడు సమావేశానికి ముందురోజు రాత్రి ఆ పట్టిక నింపింది నేనే. 16 పేపర్లు, 12 అవుట్‌కమ్స్, మొత్తం 192 గళ్లు. సగం దాటాక ఏ గడిలో ఏం పెడుతున్నానో నాకే తెలియలేదు. అన్నీ 3లే ఉంటే అనుమానం వస్తుందని అక్కడక్కడా 2లు చల్లాను. మర్నాడు ఒక్క గడి గురించి ఒక్కరూ అడగలేదు. మార్జిన్ ఎందుకు వంకరగా ఉందని మాత్రం అడిగారు.

వైవాబెంచీ:
నిద్రమత్తులో నింపింది మీరు, నింద పట్టిక మీదా సార్?

1996లో విద్యా పరిశోధకుడు జాన్ బిగ్స్ కన్‌స్ట్రక్టివ్ అలైన్‌మెంట్ గురించి రాసినప్పుడు గళ్లు నింపమనలేదు. విద్యార్థి చివరికి ఏం చేయగలగాలి, దానికి క్లాసులో ఏం చేయిస్తున్నాం, పరీక్షలో ఏం అడుగుతున్నాం, ఈ మూడూ ఒకే దారిలో ఉండాలన్నాడు. మొదటిది తేల్చకుండా మిగతా రెండూ దేనితో సరిచూస్తారు?

మా దగ్గర జరిగింది చెప్తాను. పరిశోధన పద్ధతుల పేపరుకి మేం రాసుకున్న అవుట్‌కమ్: ‘ప్రచురితమైన అధ్యయనాన్ని విమర్శనాత్మకంగా మూల్యాంకనం చేయగలరు’. పరీక్షలో ఏటా వచ్చే ప్రశ్న: ‘శాంప్లింగ్ రకాలను వివరించండి’. పిల్లలు నోట్సు బట్టీ పట్టి రాసేవాళ్లు, మేం మార్కులు వేసేవాళ్లం. అవుట్‌కమ్ కాగితం మీద ఉంది కాబట్టే ఒకరోజు ఆ రెండు వాక్యాలూ పక్కపక్కన పెట్టి చూసి సిగ్గుపడ్డాం. ఇప్పుడు పరీక్ష హాల్లో ఎవరూ ముందు చూడని ఒక చిన్న వ్యాసం ఇస్తాం. లెక్కలు చెబుతున్నదాన్ని మించి రచయిత ఎక్కడ తీర్మానించాడో పట్టుకోవాలి. దిద్దడానికి ప్రాణం పోతుంది, అది వేరే సంగతి.

రెండోసెమ్:
విద్యార్థిగా ఒక మాట. మా ప్రోగ్రామ్ పత్రం ముందే రాశారట, చాలా పద్ధతిగా ఉంది కూడా. అందులో డిసర్టేషన్ ప్రతిపాదన రెండో సెమిస్టర్ చివర ఇవ్వాలి. ప్రతిపాదన ఎలా రాయాలో నేర్పే పేపరు మూడో సెమిస్టర్‌లో ఉంది! ఈ రెంటికీ మధ్య 14 పేజీల దూరం, మొదటి నుంచి చివరిదాకా ఎవరూ ఒక్క బిగిన చదివినట్టు లేదు. సీనియర్లను పట్టుకుని వాళ్ల ప్రతిపాదనల్లో పేర్లు మార్చి ఇచ్చాం.

ఎర్రఇంకు:
చూశారా, నాకు సాక్ష్యం దొరికింది. ముందే రాశారు, అయినా తప్పే.

వైవాబెంచీ:
చదవకుండా రాసింది ముందు రాసినా తప్పే, వెనక రాసినా తప్పేనండీ. అది మీకు సాక్ష్యం ఎలా అయింది?

గంటలలెక్క:
మీరిద్దరూ మాటల దగ్గరే ఆగిపోయారు. అంకెలు చూద్దాం.

యూరప్‌లో ఈసీటీఎస్ అనే ఉమ్మడి క్రెడిట్ పద్ధతి లెక్కన పూర్తి ఏడాదికి 60 క్రెడిట్లు, ఒక్కో క్రెడిట్‌కి విద్యార్థి శ్రమ 25 నుంచి 30 గంటలు. బ్రిటన్‌లో క్రెడిట్‌కి 10 గంటలు, మాస్టర్స్‌కి సాధారణంగా 180 క్రెడిట్లు, అంటే 1800 గంటలు. అందులో 60 క్రెడిట్ల డిసర్టేషన్ ఉంటే దానికే 600 గంటలు. ఈ గంటల్లో క్లాసు ఒక్కటే కాదు. చదువు, అసైన్‌మెంట్లు, పరీక్షలు అన్నీ కలిపే.

ఇప్పుడు 5 ఈసీటీఎస్ క్రెడిట్ల పేపరు తీసుకోండి. 125 నుంచి 150 గంటలు. వారానికి 3 గంటల చొప్పున 14 వారాల క్లాసుకి 42 పోతే మిగిలేది 83 నుంచి 108. ఆ మిగిలినదాంట్లో ఏం చేయిస్తారు? ఇలాంటివి సెమిస్టర్‌కి ఆరు. చాలా సిలబస్సుల్లో చదవాల్సిన పుస్తకాల జాబితా చూస్తే ఒక్క పేపరే ఈ గంటలన్నీ మింగేస్తుంది. ఆరుగురు ఆరు చోట్ల కూర్చుని ఎవరి పేపరు వాళ్లు రాస్తే, ఆరు అసైన్‌మెంట్లూ పదో వారంలోనే వచ్చి పడతాయి. వారాలు అడ్డంగా, పేపర్లు నిలువుగా పెట్టి ఒక్క పేజీ గీయండి. మీ 192 గళ్ల కన్నా అది నయం. ఆ పేజీ మాత్రం అన్నిటికన్నా ముందు ఉండాలి.

పాతఫైలు:
నేను ఆఫీసు వైపు మనిషిని, ఈ పత్రాలు భద్రపరిచే పని. అందరూ ఇది తనిఖీకి వచ్చేవాళ్ల కోసం అనుకుంటారు. దాని అసలు పాఠకుడు చాలా ఏళ్ల తర్వాత వస్తాడు.

ఒకసారి పూర్వ విద్యార్థిని ఒకామె వచ్చింది. విదేశీ విశ్వవిద్యాలయం వాళ్లు ఆమె చదివిన ఏటి సిలబస్ అడిగారు. అప్పటికే రెండుసార్లు మార్చాం, పాతదాని మీదే కొత్తది సేవ్ చేసేశారు. ఫోల్డర్‌లో ‘ఫైనల్’, ‘ఫైనల్ కొత్తది’, ‘ఇదే ఫైనల్’ అని మూడు ఫైళ్లు. దేని మీదా తేదీ లేదు, ఏ బ్యాచ్‌కో లేదు. చివరికి రిటైరైన మాస్టారి బీరువాలో జిరాక్సు ప్రతి దొరికింది. ఆమె గడువు రెండు రోజులు మిగిలి ఉంది.

2003లో బెర్లిన్‌లో బొలోన్యా ప్రక్రియ (యూరప్ దేశాల ఉన్నత విద్యా పద్ధతులను ఒకదానికొకటి పొసిగేలా చేసే ఏర్పాటు) దేశాల మంత్రులు కూర్చుని, 2005 నుంచి పట్టా పొందే ప్రతి విద్యార్థికీ అడగకుండానే, ఉచితంగా డిప్లొమా సప్లిమెంట్ ఇవ్వాలని తీర్మానించారు. ఏం చదివాడో వివరంగా చెప్పే కాగితం అది. ఊరికే పెట్టుకోలేదు.

ఎర్రఇంకు గారూ, ఒక బ్యాచ్ నడిపాక రాస్తానంటున్నారు. మరి ఆ మొదటి బ్యాచ్ పిల్లలు ఏం చూసి చేరాలి? రేపు వాళ్లెవరైనా వచ్చి అడిగితే నేనేం ఇవ్వాలి?

ఎర్రఇంకు:
దీనికి నా దగ్గర జవాబు లేదు. మొదటి బ్యాచ్ సంగతి ఆలోచించలేదు, ఒప్పుకుంటున్నాను.

మాట మార్చుకుంటాను, పూర్తిగా కాదు. 12 అవుట్‌కమ్స్ వద్దు, నాలుగో ఐదో చాలు. ఒక్కోదానికి ఎదురుగా అది ఏ పరీక్షలో, ఏ ప్రాజెక్టులో కనబడుతుందో ఒక వాక్యం. రాయలేకపోతే ఆ అవుట్‌కమ్ కొట్టేయడం. దాని వెనక గంటల పేజీ. ఇంతవరకు పిల్లలు చేరకముందే రాసి, బ్యాచ్ పేరు, తేదీ వేసి పాతఫైలు గారికి అప్పగిస్తాను. అంకెల పట్టిక మాత్రం ససేమిరా, ఎవరైనా పట్టుబట్టినప్పుడు చూద్దాం.

వైవాబెంచీ:
ఇదే కదండీ నేను మొదటి నుంచీ అంటున్నది!

ఎర్రఇంకు:
మీరన్నది కొంత. అవుట్‌కమ్స్ రాయడానికి వాడే ఆ బ్లూమ్ క్రియాపదాల జాబితా ఉంది చూడండి, దాంతో నాకు పేచీ ఇంకా ఉంది. 1956లో బ్లూమ్ బృందం ఆలోచనా స్థాయిలను ఆరు మెట్లుగా పెట్టింది, 2001లో వాటిని సవరించారు. ఇప్పుడది గోడకి తగిలించుకుని ‘అర్థం చేసుకుంటారు’ తీసేసి ‘విశ్లేషిస్తారు’ పెట్టు అనడమే పని అయిపోయింది. క్రియ మారింది, ప్రశ్నపత్రం మారలేదు.

రెండోసెమ్:
సార్, మీ కమిటీలో విద్యార్థులు ఎవరైనా ఉన్నారా?

ఎర్రఇంకు:
లేరమ్మా. గురువారం మళ్లీ కూర్చుంటున్నాం, ఇద్దరిని పిలవమని అడుగుతాను. ఆ 14 పేజీల సంగతి నీ పేరు లేకుండా అక్కడ చెప్పొచ్చా?

రెండోసెమ్:
చెప్పండి సార్. సీనియర్ల ప్రతిపాదనల సంగతి మాత్రం వదిలేయండి.