టెన్త్ బ్యాచ్ తరఫున బడికి చందా: ఎలా అడగాలి, ఎవరికెలా కృతజ్ఞత చెప్పాలి?

కాలవగట్టు:

మాది జిల్లా పరిషత్ హైస్కూలు, 2001 మార్చి బ్యాచ్. వచ్చే సంక్రాంతికి పాతికేళ్ల సమ్మేళనం పెట్టుకుంటున్నాం. వాట్సాప్ గ్రూపులో 64 మంది ఉన్నారు. ఐదుగురు అమెరికాలో, పదిహేను మంది దాకా హైదరాబాద్, బెంగళూరు ఉద్యోగాల్లో. మిగతావాళ్లు ఊళ్లోనే: కౌలు రైతులు, ఆటో నడిపేవాళ్లు, చిన్న కొట్లు ఉన్నవాళ్లు. మాస్టార్లకు సన్మానం చేయాలి, బడికి కూడా ఏదైనా ఇవ్వాలి అనుకున్నాం. సగం మంది ఆర్వో ప్లాంటు అంటున్నారు, సగం మంది బెంచీలు. అంచనా రెండున్నర లక్షలు.

తలకు ఐదు వేలు అని పెట్టమంటున్నారు, సబబేనా? గ్రూపులో పెట్టే మెసేజ్‌లో ఎవరి కారణం వాళ్లు రాసుకోవాలా, బ్యాచ్ తరఫున పొడిగా రాయాలా? డబ్బు నా ఫోన్‌పేకి వేయించుకుంటే ఇబ్బందేమైనా ఉందా? ఇచ్చినవాళ్ల పేర్లు బోర్డు మీద రాయించాలా? ఇలాంటివి నడిపించినవాళ్లు చెప్పండి.

చాక్‌పీసు:

ముందు బడికి వెళ్లి అడగండి, తర్వాత గ్రూపులో అడగండి. చాలా బ్యాచ్‌లు దీన్ని తిరగేస్తాయి. డబ్బు పోగయ్యాక వస్తువు కొనుక్కొచ్చి దించుతారు, బడిలో అది మూల పడుతుంది. పనికిరాని ప్రింటర్లు, బ్యాటరీ చచ్చిన యూపీఎస్‌లు ప్రతి బడి స్టోరు గదిలోనూ దొరుకుతాయి, పైన దాతల పేర్లతో సహా.

హెడ్మాస్టారు గారికి బ్యాచ్ తరఫున ఉత్తరం ఇవ్వండి. ఏమి అవసరమో పాఠశాల కమిటీ తీర్మానం చేసి రాతపూర్వకంగా ఇవ్వమనండి. గది కట్టడం, గోడ పడగొట్టడం లాంటివి పెట్టుకోవద్దు. వాటికి శాఖ అనుమతి, ఇంజనీర్ల అంచనా కావాలి, సంక్రాంతికి తేలవు. సామాను అయితే తేలిక. కేంద్రం నడిపే విద్యాంజలి పోర్టల్‌లో కూడా బడులు తమ అవసరాలు పెడతాయి, మీ బడి పెట్టిందేమో చూడండి.

ఆర్వో సంగతి. అందరికీ కనిపించే దానం కాబట్టి ముందు అదే నోటికొస్తుంది. కానీ ముందు నీళ్లు పరీక్ష చేయించండి. బోరు నీటిలో టీడీఎస్, అంటే కరిగిన లవణాలు, లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండి ఫ్లోరైడు ఎక్కువ లేకపోతే ఆర్వో అక్కర్లేదు, మామూలు ఫిల్టరు, యూవీ చాలు. ఫ్లోరైడు టీడీఎస్ మీటర్లో తెలియదు, నమూనా గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబుకు పంపాల్సిందే. ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే అప్పుడు ఆర్వో మాట ఎత్తండి. 300 మంది పిల్లలకు మనిషికి రెండు లీటర్ల లెక్కన రోజుకు 600 లీటర్లు. గంటకు 250 లీటర్ల మిషను రెండున్నర గంటలు ఆడాలి. మిషను బయటికి వదిలేసే నీళ్లు అంతకంటే ఎక్కువ కూడా ఉండొచ్చు, కాలువ తీయకపోతే వరండా బురద. ఫిల్టరు కాట్రిడ్జి రెండు మూడు నెలలకోసారి, మెంబ్రేను రెండు మూడేళ్లకోసారి మార్చాలి. ఆ ఖర్చు ఎవరిదో తేలకుండా ప్లాంటు పెడితే రెండో వేసవికి తాళం పడుతుంది.

బెంచీలు నయం. పాడైతే ఊళ్లో వెల్డరు బాగుచేస్తాడు. హైస్కూలు పిల్లలకు సీటు 16–17 అంగుళాలు, బల్ల 28 అంగుళాల ఎత్తు ఉండాలి. పైపు 16 గేజీ అడగండి. గేజీ సంఖ్య పెరిగేకొద్దీ రేకు పలచబడుతుంది, 20 అని రాసిన కొటేషను అందుకే చవకగా కనిపిస్తుంది. బల్ల చెక్క 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్, పైన లామినేట్. పార్టికల్ బోర్డు వద్దు, వాన జల్లు తగిలితే ఉబ్బుతుంది. కాళ్లకు రబ్బరు బుష్‌లు తప్పనిసరి, తడి నేల మీద తుప్పు మొదలయ్యేది అక్కడే.

మర్రికింద:

అన్నా, మనిషికి ఇంత అని పెట్టుడే మొదటి తప్పు. ఐదు వేలు అని గ్రూపుల పెడితే ఏమైతది? ఉన్నోడు ఐదు వేలతోనే ఆగుతడు. లేనోడు సప్పుడు లేకుంట గ్రూపుల కెళ్లి పోతడు, సమ్మేళనానికి గూడ రాడు. పాతికేండ్ల తర్వాత కలిసేది అందుకేనా?

రెండు లెక్కలు వేరు వేరు పెట్టున్రి. భోజనాలు, టెంటు, శాలువాలు ఒక లెక్క, బడి పైసలు ఇంకో లెక్క. మొదటిది తక్కువల తక్కువ పెట్టి, కట్టలేనోళ్ల వంతు నలుగురు మాట్లాడుకుని కట్టేయున్రి, గ్రూపుల చెప్పొద్దు. రెండోది ఎవరికి తోచినంత.

ఎంత వస్తదో ముందే అంచనా కట్టు. 64 మందిల ఇచ్చేది 47 మంది అనుకో. పది వేలు ఇచ్చేటోళ్లు 8 మంది, ఐదు వేలోళ్లు 14 మంది, మిగతా 25 మంది తలా వెయ్యి. మొత్తం 1,75,000. రెండున్నర లక్షలు అని చెప్పి ఇంత తెస్తే ఓడిపోయినట్టు ఉంటది. 1,60,000 అని చెప్పి ఇంతే తెస్తే అందరికీ సంబురం. పైసలు అవే.

మెసేజ్ సంగతి. నీ కారణం రాయాలె, కానీ రెండు వాక్యాలు. "ఊరి రుణం తీర్చుకుందాం" అని ప్రతి బ్యాచ్ రాస్తది, చదివినోనికి ఏమనిపియ్యదు. పది వాక్యాలు రాస్తే నీ జీవితకథ అయితది, అవతలోడు తన కారణం యాదికి తెచ్చుకునే జాగ ఉండదు. ఒకడు వాళ్ల నాయిన పేరు మీద ఇస్తడు. ఒకడు సదువు మధ్యల ఆపిన బాధతోని ఇస్తడు. ఇంకొకడు పక్క బ్యాచోళ్లు గేటు కట్టిచ్చిన్రని పంతానికి ఇస్తడు. ఎందుకిస్తున్నవని అడగొద్దు, అన్ని పైసలూ బెంచీలే అయితయి. ఇట్ల రాసి చూడు:

"నమస్తే. మన బళ్లో తొమ్మిది, పది తరగతులకు 20 బెంచీలు కావాలని హెడ్మాస్టారు రాసిచ్చారు, ఉత్తరం కింద ఉంది. సాయంత్రం ఆరు దాకా కూర్చోబెట్టి లెక్కలు చెప్పిన మాస్టారి వల్లే నేను టెన్త్ గట్టెక్కాను, అందుకని మొదటి పది వేలు నేను వేశాను. ఎవరికి వీలైనంత వాళ్లు నవంబరు 30 లోపు వేయండి. ఎవరెంత ఇచ్చారో గ్రూపులో రాయం. ప్రతి ఆదివారం మొత్తం ఎంతయిందో చెబుతాం."

అడిగేటోడు ముందు వెయ్యాలె. సున్నా కాడ ఉన్న చందాకు చెయ్యి రాదు. ఇంకొకటి, నేల మీద కూసున్న పిల్లల ఫొటోలు పెట్టొద్దు. ఆ పిల్లల తల్లిదండ్రులు మన బ్యాచోళ్లే ఉంటరు.

జమాఖర్చు:

సొంత ఫోన్‌పేకి వేయించుకోవద్దు. మూడు కారణాలున్నాయి. ఒకటి, బంధువులు కానివాళ్ల నుంచి ఏడాదిలో 50,000 దాటి వచ్చిన డబ్బును కానుకగా లెక్కేస్తే, దాటిన భాగానికే కాదు, మొత్తానికీ పన్ను పడుతుంది. బ్యాచ్ కోసం తీసుకున్నానని కాగితాలతో చూపించుకోవాల్సింది మీరే. రెండు, పంపినవాళ్లలో ఒకరి డబ్బు ఏదైనా సైబర్ ఫిర్యాదులో ఇరుక్కుంటే మీ జీతం పడే ఖాతాకే లియన్ పెడతారు, అంటే అందులో డబ్బు కదలకుండా ఆపేస్తారు. మూడు, మీ ఇంటి ఖర్చు, బడి డబ్బు ఒకే స్టేట్‌మెంటులో కలిస్తే దాన్ని గ్రూపులో చూపించలేరు.

ఇద్దరి పేరు మీద కొత్త పొదుపు ఖాతా తెరవండి, ఇద్దరూ సంతకం పెడితేనే డబ్బు కదిలేలా. ఒకరు ఊళ్లో ఉండాలి, ఒకరు బయట. అలాంటి ఖాతాకు మామూలుగా యూపీఐ ఇవ్వరు. ఇది చాలామందికి చివర్లో తెలిసి, మళ్లీ ఎవరిదో క్యూఆర్ కోడ్ పెట్టేస్తారు. ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ కోడు ఇస్తే యూపీఐ యాప్ నుంచే పంపుకోవచ్చు. ఒక రూపాయి పంపి పేరు సరిచూసుకున్నాకే గ్రూపులో పెట్టండి.

స్క్రీన్‌షాట్ చూసి జమ రాయొద్దు, స్టేట్‌మెంటు చూసే రాయండి. ఊళ్లో నగదు ఇచ్చేవాళ్లుంటారు, వాళ్లకు రెండు ప్రతుల రసీదు పుస్తకం. ఆ నగదు ఏ రోజుది ఆ రోజే ఖాతాలో పడాలి. చందా పుస్తకంలో గొడవలన్నీ "జేబులో ఉంది, రేపు వేస్తా" దగ్గరే మొదలవుతాయి.

కొనేటప్పుడు మూడు కొటేషన్లు. బెంచీ 5,500 అనుకుంటే 20కి 1,10,000. రవాణా, దింపుడు కూలీ, జీఎస్‌టీ కలిపిన ధరేనా అని అడగండి. ముందు ఒక్క బెంచీ చేయించి తెప్పించుకుని, ఇద్దరు పెద్దవాళ్లు కూర్చుని ఊపి చూడండి, తర్వాతే మిగతా ఆర్డరు. అడ్వాన్సు సగం మించొద్దు. బిల్లు బడి పేరు మీద ఉండాలి. అప్పగింత పత్రం రెండు ప్రతులు, హెడ్మాస్టారి సంతకం, ముద్ర, స్టాక్ రిజిస్టరు పేజీ నంబరు. ఆ నంబరు లేకపోతే రేపు హెడ్మాస్టారు బదిలీ అయ్యాక ఆ బెంచీలు ఎవరివో తేలదు.

విరాళానికి పన్ను మినహాయింపు ఇప్పించే 80జి రసీదు ఇస్తామని మాత్రం ఎవరికీ చెప్పకండి. గుర్తింపు ఉన్న ట్రస్టులు, సొసైటీల లాంటి సంస్థలే ఇవ్వగలవు, వాట్సాప్ బ్యాచ్ ఇవ్వలేదు. కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకు ఆ రసీదు వల్ల ఒరిగేదీ లేదు.

కాలవగట్టు:

అందరికీ ధన్యవాదాలండీ. తలకు ఐదు వేలు తీసేస్తున్నాం. రెండు మిగిలాయి. అమెరికాలో ఉన్న ఐదుగురిలో ముగ్గురు అక్కడి పౌరులైపోయారు, వాళ్లే ఎక్కువ ఇస్తామంటున్నారు. పేర్ల విషయం కూడా తేలలేదు. సభలో ఎవరెంత ఇచ్చారో చదివితేనే నలుగురూ ఇస్తారని ఊళ్లోవాళ్ల వాదన.

జమాఖర్చు:

ఇక్కడ చూడాల్సింది చేతిలో ఏ పాస్‌పోర్టు ఉందని. భారత పాస్‌పోర్టు ఉన్న ఇద్దరూ తమ సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. పాస్‌పోర్టు కాపీ ఒకటి ఫైల్లో పెట్టుకోండి. ఆ ముగ్గురి దగ్గర ఓసీఐ కార్డు (భారత సంతతి విదేశీ పౌరులకు ఇచ్చేది) ఉన్నా వాళ్లు విదేశీయులే. వాళ్లు బ్యాచ్ ఖాతాకు పంపితే ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) ఉల్లంఘన అవుతుంది. "మా అన్నయ్యకు పంపుతా, ఆయన మీకిస్తాడు" అనే దొడ్డిదారి కూడా వద్దు, ఇరుక్కునేది ఊళ్లో ఉన్న అన్నయ్య.

సరైన దారి, ఎఫ్‌సీఆర్ఏ నమోదు ఉండి బడుల్లో పనిచేసే సంస్థకు వాళ్లే నేరుగా ఇవ్వడం. 2020 సవరణ తర్వాత ఆ సంస్థ డబ్బును ఇంకొకరికి బదలాయించకూడదు, తానే కొని బడికి ఇవ్వాలి. అంటే మీ బడి ఆ సంస్థ పని జాబితాలో ఉండాలి, దానికి నెలలు పడుతుంది. సంక్రాంతికి అందదు. ఆ ముగ్గురి డబ్బు లేకుండానే లెక్క వేసుకోండి, వచ్చే ఏడాదికి వేరే పని చూసుకోవచ్చు. ఈలోపు పదో తరగతి పిల్లలకు ఆదివారాలు ఆన్‌లైన్‌లో ఇంగ్లీషు చెప్పమనండి, దానికి ఏ అనుమతీ చట్టం అడగదు, హెడ్మాస్టారు ఒప్పుకుంటే చాలు.

మర్రికింద:

పెండ్లిల చదివింపు కట్నాలు రాసుకుంటరు సూడు, పేరు, పైసలు మైకుల చదువుతరు. అది ఎందుకు? రేపు వాళ్లింట్ల పెండ్లయితే అంతకు తక్కువ కాకుంట మనం పెట్టాలె కాబట్టి. అది బాకీ పుస్తకం. బడికిచ్చింది ఎవరికీ తిరిగి పెట్టేది లేదు, మరి చదువుడు దేనికి? ఊళ్లోళ్ల మాట ఒక దిక్కు నిజమే, చదివితే పెద్ద చేతులు ఇంకింత పెద్దగైతయి. కానీ ఐదు వందలు ఇచ్చినోడు ఆ మైకు ముంగట కూసోలేడు.

చాక్‌పీసు:

మర్రికింద గారితో సగమే ఏకీభవిస్తాను. పేరు కనిపించాలని కోరుకోవడం తప్పు కాదు. తండ్రి పేరు బడిలో ఉండాలని ఇచ్చేవాడికి ఆ పేరు ఇవ్వాలి. పేర్లు రాయండి, మొత్తాలు రాయొద్దు. అక్షర క్రమంలో, డిగ్రీలూ హోదాలూ లేకుండా. పేరు వద్దన్నవాళ్లవి వదిలేయండి. పేర్ల జాబితా గ్రూపులో పెట్టి మూడు రోజులు గడువివ్వండి, గ్రానైటు మీద తప్పు చెక్కాక దిద్దలేరు. పెళ్లయ్యాక ఇంటిపేరు మారిన ఆడపిల్లలను ఏ పేరు రాయాలో అడగండి, బడి రిజిస్టరు చూసి ఊహించొద్దు. బెంచీల మీద మాత్రం "2001 బ్యాచ్" చాలు.

డబ్బివ్వని వాళ్ల పని కూడా ఆ జాబితాలోకి రావాలి. టెంటు వేయించినవాళ్లు, మాస్టార్లను ఆటోలో తెచ్చినవాళ్లు, వంట దగ్గర నిలబడ్డవాళ్లు. డబ్బిచ్చినవాళ్ల పక్కనే, అదే సైజు అక్షరాల్లో.

సన్మానం గురించి మీరు అడగలేదు, కానీ ఎక్కువ చెడేది అదే. 14 మంది ఉపాధ్యాయులు, ఒక్కొక్కరికి ఏడు నిమిషాలు అంటే 98 నిమిషాలు. మీ ఉపన్యాసాలు కలిపితే భోజనం రెండు దాటుతుంది. వాళ్లలో చాలామందికి డెబ్భై దాటి ఉంటాయి, షుగరు మాత్రలు వేసుకునేవాళ్లుంటారు. పదింటికి మొదలుపెట్టి పన్నెండున్నరకు వాళ్లకు విస్తరి వేయండి. స్టేజీ మెట్లు ఎక్కించొద్దు, కింద కుర్చీలో కూర్చోబెట్టి మీరే వాళ్ల దగ్గరికి వెళ్లండి. శాలువాల కంటే ఆ మాస్టారు చెప్పింది ఏది గుర్తుందో ఒక్క వాక్యం చెప్పే విద్యార్థిని ముందే ఎంచుకోండి, రాసుకుని రమ్మనండి. గంట కొట్టిన అటెండరునూ, ఇప్పుడు బడిలో మధ్యాహ్న భోజనం వండుతున్నవాళ్లనూ అదే వరసలో కూర్చోబెట్టండి. చనిపోయిన మాస్టార్ల ఇళ్లకు సమ్మేళనానికి ముందే ఇద్దరు వెళ్లి పిలవండి. ఫోన్లో పిలిస్తే రారు.

కాలవగట్టు:

ఇవాళ హెడ్మాస్టారిని కలిశాం. బెంచీలే రాసిచ్చారు, 20. నీళ్ల నమూనా సోమవారం ల్యాబుకు వెళ్తోంది. ఖాతాకు రెండో సంతకం ఊళ్లో కిరాణా కొట్టు నడిపే మా క్లాస్ లీడరుది. ఆయన గ్రూపులో ఎప్పుడూ ఒక్క మెసేజ్ పెట్టలేదు, ఇవాళ పెట్టాడు: "రసీదు పుస్తకం నేను తెస్తా."