స్టార్ వార్స్ మొదటి మూడు సినిమాలు: పాత డీవీడీలు, క్యాసెట్లు కొత్త టీవీల ఎట్ల చూడాలె?

హన్మకొండ_చౌరస్తా అడిగిన ప్రశ్న:

నమస్తే అందరికి. దసరా సెలవులల్ల పిల్లలకు స్టార్ వార్స్ మొదటి మూడు సినిమాలు (1977, 1980, 1983) వరుసగ చూపెట్టాలె. ఇంట్ల ఉన్న సరుకు ఇది: 2006ల అమెరికాల వచ్చిన డీవీడీలు మూడు సెట్లు, ఒక్కో సెట్టుల రెండు డిస్కులు. 1995 నాటి పాల్ (మన దేశపు టీవీ పద్ధతి) వీహెచ్ఎస్ క్యాసెట్లు మూడు, ఇన్నేండ్ల సంది సజ్జ మీదనే ఉన్నయి. టీవీ 55 ఇంచుల 4కే. డీవీడీ ప్లేయర్ హెచ్‌డీఎంఐ తీగతోని 1080పీల నడుస్తున్నది.

రెండో డిస్కు పెడితే బొమ్మ టీవీ నడుమ చిన్నగ వస్తున్నది, నాలుగు దిక్కుల నలుపు. టీవీ రిమోట్‌ల జూమ్ ఒత్తితే పని చేస్తలేదు. ప్లేయర్‌ల 'ఫుల్' అని పెడితే మనుషులు పొట్టిగ, లావుగ అయితున్నరు. మొదటి డిస్కుకు ఈ తిప్పలు లేదు. రెండిట్ల ఒక్కటే సినిమా గదా, మరి రెండోది ఎందుకు ఇట్ల? క్యాసెట్ల కిటికీలకెళ్లి చూస్తే టేపు చుట్ట అంచుకు తెల్లగ పొడి లెక్క కనిపిస్తున్నది, వీసీఆర్‌ల పెట్టొచ్చా? ఇవన్ని పక్కకు పెట్టి 4కే డిస్కులు కొనుడే మంచిదా?

రీలు_పెట్టె:

రెండు డిస్కుల్లో ఉన్నది ఒకే సినిమా కాదు. మీ దగ్గరున్న వాటిలో అన్నిటికన్నా విలువైనది ఆ చిన్నగా వస్తున్న రెండో డిస్కే.

మొదటి డిస్కులో ఉన్నది 2004 నాటి రూపం. 1997లో దర్శకుడు జార్జ్ లూకాస్ కొత్త దృశ్యాలు, కంప్యూటర్ బొమ్మలు చేర్చి స్పెషల్ ఎడిషన్ తెచ్చాడు. దానిమీద మళ్లీ మార్పులు చేసింది 2004 డీవీడీ. 2011 బ్లూరేకి ఇంకొన్ని, 2019లో ఓటీటీకి వచ్చిన 4కేకి ఇంకొన్ని. 2020 నాటి 4కే డిస్కు ఈ 2019 రూపమే. థియేటర్లలో మొదట ఆడిన రూపం డీవీడీ మీద అధికారికంగా వచ్చింది మాత్రం 2006లో, ఆ రెండో డిస్కు మీదే. దాన్ని అప్పుడు కొత్తగా ఫిల్మ్ నుంచి స్కాన్ చేయలేదు. 1993 లేజర్‌డిస్క్ (డీవీడీకి ముందటి పెద్ద డిస్కు) కోసం తయారైన వీడియో మాస్టర్‌నే, అంటే కాపీలు తీసే మూల వీడియోనే, తెచ్చి ఎక్కించారు. అది 4:3 టీవీల కాలం మాస్టర్ కాబట్టి పైనా కిందా నల్లపట్టీలు బొమ్మలోనే కలిసిపోయి ఉన్నాయి. ఇప్పటి వెడల్పు టీవీ మీద దానికి ఎడమా కుడీ ఇంకో రెండు పట్టీలు చేరతాయి. నాలుగు దిక్కుల నలుపు అందుకే.

డిస్కులు తారుమారయ్యాయేమో అని అనుమానం వస్తే మొదటి సినిమా పెట్టి, ఆరంభంలో పైకి పాకే పసుపు అక్షరాలు చూడండి. 'ఎపిసోడ్ 4' అనే వరుస లేకుండా నేరుగా కథ మొదలైతే అది 1977 రూపం. ఆ వరుసను 1981 పునర్విడుదలలో చేర్చారు. మీ 1995 క్యాసెట్లలో కూడా అది ఉంటుంది, కాబట్టి ఈ ఒక్క విషయంలో డిస్కే క్యాసెట్ కన్నా పాతది.

క్యాంటీనా (సారా కొట్టు) బల్ల దగ్గర స్మగ్లర్ హాన్ సోలో, అతన్ని పట్టుకోవడానికి వచ్చిన గ్రీడో ఎదురెదురుగా కూర్చున్న చోట పిల్లలు తప్పకుండా అడుగుతారు. 1977లో కాల్చింది హాన్ ఒక్కడే. 1997లో గ్రీడో ముందు కాలుస్తాడు, హాన్ తల పక్కకు జరుగుతుంది, అదీ అతుకు పెట్టినట్టు కనిపిస్తుంది. 2004లో ఇద్దరి తూటాలూ దాదాపు ఒకేసారి. 2019 రూపంలో గ్రీడో చివరి క్షణంలో ఒక మాట కూడా అంటాడు. ఒక్క తూటా ముందువెనకలతో హాన్ మనిషే మారిపోతాడు: డబ్బు కోసం దేనికైనా తెగించినవాడు చివర్లో స్నేహితుడి కోసం వెనక్కి తిరిగి రావడంలో ఉన్న బరువు, మొదట వాడు ఎంత కరుకో చూసినవాళ్లకే తెలుస్తుంది. నా మటుకు ఇది చిన్న మార్పు కాదు.

రెండో సినిమాలో చక్రవర్తి హాలోగ్రామ్ చూడండి. పాతదానిలో గొంతు క్లైవ్ రెవిల్‌ది, 2004 నుంచి ముఖమూ గొంతూ ఇయన్ మెక్‌డియర్మిడ్‌వి. మూడోదాని చివర వెలుగు రూపంలో నిలబడ్డ ముగ్గురిలో అనాకిన్‌గా (హీరో ల్యూక్ తండ్రి) పెద్దాయన సెబాస్టియన్ షా ఉంటే పాతది, కుర్రవాడు హేడెన్ క్రిస్టెన్సెన్ ఉంటే 2004 తర్వాతది.

కాజీపేట_జంక్షన్:

పైన అన్న రూపాల సంగతి మంచిగ చెప్పిండు, నేను బొమ్మ సంగతి చెప్త.

జూమ్ పని చేయకపోవుడు టీవీ చెడిపోయి కాదు. ప్లేయర్ 1080పీ పంపితే శానా టీవీలు 'ఇది హెచ్‌డీ, ఇప్పటికే 16:9ల ఉన్నది' అనుకొని జూమ్‌ను మూసేస్తయి. ప్లేయర్ సెట్టింగులల్ల హెచ్‌డీఎంఐ రెజల్యూషన్ 480పీకి దించుండ్రి. టీవీ షేప్ 16:9 ఉంచి, 4:3 బొమ్మకు 'ఫుల్' పెట్టుండ్రి. ఇప్పుడు టీవీ రిమోట్‌ల 'జూమ్' తెరుచుకుంటది. అది అడ్డం, నిలువు రెండు సమానంగ 1.33 రెట్లు పెంచుతది. పెరిగినంక గూడ పైన కింద సన్న పట్టీలు మిగుల్తయి, అవి ఉండాల్సిందే. సినిమా వెడల్పు ఎత్తుకు 2.35 రెట్లు, టీవీ వెడల్పు 1.78 రెట్లే. ఆ పట్టీలు పోవాలని ఇంక పెంచితే పక్కలకు ఉన్నోళ్లు తెగిపోతరు.

మనుషులు సన్నగ, పొడుగ్గ వస్తే ప్లేయరే పక్క పట్టీలు కలిపి పంపుతున్నట్టు, అంటే 4:3 సెట్టింగు 'నార్మల్'ల ఉన్నది. పొట్టిగ, లావుగ వస్తే టీవీ జూమ్‌ల లేదు, 'వైడ్'ల ఉన్నది. కండ్లతోని అంచనా కట్టొద్దు. డెత్ స్టార్ (గుండ్రటి అంతరిక్ష కోట) నిండుగ కనిపించే కాడ ఆపి టేపు పెట్టి అడ్డం, నిలువు కొలువుండ్రి. రెండు ఒక్కటే రావాలె.

ఇగ ఎంత చేసినా అది సన్న బొమ్మనే. డిస్కుల 480 గీతలు ఉన్నా పట్టీలకు పోంగ సినిమాకు మిగిలేటివి 272. మొదటి డిస్కు అనమార్ఫిక్ (వెడల్పు బొమ్మను పక్కలకెళ్లి నొక్కి ఎక్కించింది) గనుక దాంట్ల 363 దాంక ఉంటయి. 55 ఇంచుల టీవీకి పది ఫీట్ల దూరం కూసుంటే 272 గూడ కండ్లకు ఇబ్బంది పెట్టది, ఆరు ఫీట్ల కాడ మాత్రం అంచులు మెట్లు మెట్లుగ కనిపిస్తయి. టీవీల షార్ప్‌నెస్ బాగ తగ్గించుండ్రి. పెంచితే వివరం రాదు, అంచుల చుట్టు తెల్ల గీత వస్తది.

కంప్యూటర్‌ల చూస్తే ఇంక అల్క. వీఎల్‌సీల సీ కీ ఒత్తుకుంట పోతే క్రాప్ 2.35:1 వస్తది, అయిపాయె. గీతలు పండ్ల దువ్వెన లెక్క కనిపిస్తే డీ కీ. కాని ఒక్క జాగ్రత్త: డీవీడీలకు దేశాల లెక్కన రీజియన్ తాళం ఉంటది. ఈ డిస్కులు రీజియన్ 1, మనది రీజియన్ 5. కంప్యూటర్ డీవీడీ డ్రైవ్ రీజియన్ మార్చుడు అయిదుసార్లే. అయిదోసారి ఏది పెడితే అదే ఖాయం. విండోస్ 'మార్చాల్నా' అని అడిగితే ఊకె ఓకే కొట్టకుండ్రి.

హన్మకొండ_చౌరస్తా:

480పీ పెట్టంగనే జూమ్ వచ్చింది అన్నా, మస్తు థాంక్స్. ఇంకో రెండు. కెమెరా మెల్లగ పక్కకు తిరిగేటప్పుడు బొమ్మ కుదుపు కుదుపుగ పోతున్నది. ఇసుక మీద రోబోలు నడిచే కాడ వాటి వెనుక నీడ లెక్క ఏదో సాగుతున్నది. డిస్కు పాడయ్యిందా?

కాజీపేట_జంక్షన్:

డిస్కు పాడైతే గడులు గడులుగ పగులుతది, లేకుంటే ఆగిపోతది. ఇవి రెండు వేరే.

కుదుపు అమెరికా డిస్కులన్నిట్ల ఉండేదే. సినిమా సెకనుకు 24 ఫ్రేములు, ఎన్‌టీఎస్‌సీ (అమెరికా టీవీ పద్ధతి) వీడియో సెకనుకు 60 ఫీల్డులు (సగం సగం గీతల బొమ్మలు). లెక్క కుదరాలని ఒక ఫ్రేమును రెండుసార్లు, దాని వెనుకదాన్ని మూడుసార్లు చూపెడుతరు. అందుకే నడక ఒకతీరుగ ఉండదు. టీవీ మెనూల 'ఫిల్మ్ మోడ్' గాని 'సినిమా' పేరుతోని గాని ఒక సెట్టింగు ఉంటది, అది ఆన్ చేస్తే తగ్గుతది. 'మోషన్ స్మూతింగ్' మాత్రం ఆఫ్. అది లేని ఫ్రేములు పుట్టిచ్చి సినిమాను సీరియల్ లెక్క చేస్తది.

రోబోల వెనుక సాగే నీడ మాస్టర్‌లనే ఉన్నది. 1993ల గ్రెయిన్ (ఫిల్మ్ మీద కనిపించే సన్న గింజలు) తగ్గియ్యనీకె వాడిన నాయిస్ రిడక్షన్ ముందటి ఫ్రేమును వెనుకదాంట్ల కలిపేసింది. ఇసుక అసొంటి సన్న వివరం మీద ఏదైనా కదిలితే మరక ఉంటది. టీవీల నాయిస్ రిడక్షన్ గూడ ఆన్ ఉంటే అది రెండింతలైతది, ఆఫ్ చెయ్యుండ్రి. మిగిలింది పోదు.

గట్టు_మీది_టేపు:

తమ్మీ, ఆ క్యాసెట్లు ఇప్పుడే వీసీఆర్‌లో పెట్టకు. చుట్ట అంచున తెల్లగా కనిపించేది బూజు. సజ్జ మీద ఎండాకాలం స్లాబు వేడి, వానాకాలం తేమ. ఓరుగల్లు వానలకు రెండు సీజన్లు చాలు అది పట్టడానికి. ఒక్కసారి తిప్పితే హెడ్ డ్రమ్ముకు అంటుకుంటది, తర్వాత పెట్టే ప్రతి క్యాసెట్‌కూ పాకుతది.

ముందు మూడింటినీ మిగతావాటి నుంచి వేరు చెయ్యి. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి పది పదిహేను రోజులు ఉంచు. తడి బూజు పూసుకుంటది, ఎండింది పొడిగా రాలుతది, అందుకే ఈ ఆగుడు. తర్వాత మూతికి మాస్క్ కట్టుకొని, ఇంటి బయట, గాలికి ఎదురు నిలబడకుండా పని మొదలుపెట్టు. క్యాసెట్ తిరగేస్తే అయిదు ప్లస్ స్క్రూలు ఉంటయి. విప్పినాక మళ్లీ తిప్పి నిటారుగా పెట్టి, పై మూతను మెల్లగా లేపు. బోర్లా ఉన్నప్పుడు లేపితే చిన్న రోలర్లు, స్ప్రింగు ఎగిరిపోతయి. లేపంగనే టేపు దారిని ఫోన్‌తో ఫొటో తీసుకో. ఆ ఒక్క ఫొటో లేకనే చాలామంది మళ్లీ బిగించలేకపోతారు. పోగులు రాలని మెత్తటి పొడిగుడ్డను టేపుకు రెండు వైపులా తేలికగా పట్టుకొని, ఒక చుట్ట నుంచి ఇంకో చుట్టకు చేత్తో తిప్పుతూ పో. గుడ్డను ప్రతి కొన్ని నిమిషాలకూ మార్చు. నీళ్లు, సబ్బు, స్పిరిట్ ఏదీ టేపుకు తగలొద్దు. చుట్టలను శుభ్రమైన వేరే క్యాసెట్ డొక్కులోకి మార్చు, పాత డొక్కు మూలల్లో బూజు మిగిలే ఉంటది.

వీసీఆర్ కూడా అన్నేళ్లు పక్కన పడి ఉన్నదే అయితే రబ్బరు బెల్టులు జిగురై ఉంటయి. తిప్పకముందే మూత విప్పి చూడు. హెడ్డు తుడవాలంటే 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన మామూలు తెల్ల కాగితం ముక్కను డ్రమ్ముకు ఆనించి కదపకుండా పట్టుకో, ఇంకో చేత్తో డ్రమ్మును తిప్పు. కాగితాన్ని పైకి కిందికి రుద్దితే హెడ్డు విరుగుతది, ఇక ఆ మిషన్ అంతే. దూదిపుల్ల అసలే వాడొద్దు.

కొత్త టీవీకి కలిపేటప్పుడు మూడు రంగుల పిన్నులకు బదులు 3.5 మిల్లీమీటర్ల ఏవీ రంధ్రం ఉంటది. దానికి కొనే తీగ మొన మీద లోహపు రింగుల వరుస కంపెనీకో తీరు. బొమ్మ రాకుండా గుయ్ మని చప్పుడు వస్తే పసుపు పిన్ను తీసి ఎరుపు దగ్గర పెట్టి చూడు. హన్మకొండలో దొరక్కపోతే సికింద్రాబాద్ బండెక్కి కోఠి గుజరాతీ గల్లీకి పోతే ఈ తీగలు దొరుకుతయి.

రీలు_పెట్టె:

క్యాసెట్లకు అంత కష్టం చేసేముందు ఒక మాట. పెట్టె మీద వైడ్‌స్క్రీన్ అని లేకపోతే అవి 4:3 తెరను నింపేందుకు పక్కలు కోసినవి. 2.35 బొమ్మను 4:3లో నింపితే 43 శాతం కనిపించదు. ఇద్దరు మాట్లాడుకునే చోట ఒకరి ముక్కు మాత్రం మిగులుతుంది. అదీ కాక పాల్ టేపు సెకనుకు 25 ఫ్రేములు నడుస్తుంది కాబట్టి 121 నిమిషాల సినిమా 116 నిమిషాల్లో అయిపోతుంది, సంగీతం శ్రుతి ముప్పావు అర్ధస్వరం లోపే అయినా పైకి జరుగుతుంది. జాన్ విలియమ్స్ బాణీలు బాగా ఎరిగిన చెవికి అది తెలుస్తుంది. బూజు మిగతా క్యాసెట్లకు పాకకుండా శుభ్రం చేసి దాచండి. చూడటానికి డిస్కే మేలు.

4కే సంగతి. రంగు, వివరం కావాలంటే దాన్ని మించింది లేదు. 2004 డీవీడీలో ల్యూక్ కళ్లు కప్పే హెల్మెట్‌తో సాధన చేసే చోట నీలం కత్తి ఆకుపచ్చగా మారిపోయింది, 2011లో సరిచేశారు. 4కేలో ఎడారి వెలుగూ, మనుషుల ఒంటి రంగూ సహజంగా ఉన్నాయి. కానీ అది మార్పులన్నీ ఉన్న రూపం. మూడోదాని పతాక దృశ్యంలో వేడర్ మౌనంగా కొడుకు వైపు, చక్రవర్తి వైపు చూసే చోట 2011 నుంచి 'నో' అని అరుస్తాడు. ఆ మౌనం పిల్లలు ఒక్కసారైనా చూడాలి. 4కే డిస్కులకు రీజియన్ అడ్డం లేదు, అయితే మామూలు బ్లూరే ప్లేయర్ వాటిని చదవదు.

కాజీపేట_జంక్షన్:

ఇక్కడ నేను ఒప్పుకోను అన్నా. ఎనిమిదేండ్ల పిల్లగాడికి మొదటిసారే 272 గీతల బొమ్మ, సాగే నీడలు చూపెడితే నడిమిట్ల లేచిపోతడు. ఇంట్లనే ఉన్న మొదటి డిస్కు ముందుగాల్ల చూపెట్టి, కథ పట్టుకున్నంక రెండోది పెడితే తేడాలు ఆళ్లే ఏరుతరు.

రీలు_పెట్టె:

రెండో సినిమాకు, మూడోదానికి మీ మాట ఒప్పుకుంటాను. మొదటిదానికి ఒప్పుకోను. అందులో కొత్తగా చేర్చిన జబ్బా (హాన్ బాకీపడ్డ ముఠా నాయకుడు) సన్నివేశం, గ్రీడో చెప్పిందే మళ్లీ చెబుతూ కథను ఆపేస్తుంది. ఏది ముందు పెట్టినా 4, 5, 6 (ఈ మూడు సినిమాల ఎపిసోడ్ నంబర్లు) వరుసలోనే చూపించండి. తర్వాత తీసిన ఎపిసోడ్ 1 నుంచి మొదలుపెడితే వేడర్ ఎవరో ముందే తెలిసిపోతుంది.

శబ్దం మాట కూడా: రెండో డిస్కులో ఉన్నది రెండు చానళ్ల డాల్బీ సరౌండ్. సౌండ్‌బార్‌లోనో రిసీవర్‌లోనో ప్రోలాజిక్ గానీ డాల్బీ సరౌండ్ గానీ ఎంచుకుంటే మాటలు నడిమి స్పీకర్‌కు వస్తాయి. 'స్టీరియో'లో వదిలేస్తే మాటలు సంగీతం కింద మునిగిపోతాయి.

హన్మకొండ_చౌరస్తా:

క్యాసెట్లు మూడు సిలికా జెల్ డబ్బాల పెట్టిన, స్క్రూలు పదిహేను రోజులకు విప్పుత. మొదటి సినిమా రెండో డిస్కుతోని, మిగిలిన రెండు మొదటి డిస్కులతోని చూపెడుత. డెత్ స్టార్ కాడ ఆపి టేపు పెట్టిన: ముందుగాల్ల అడ్డం 44 సెంటీమీటర్లు, నిలువు 33 ఉండె. టీవీ 'వైడ్'ల నుంచి 'జూమ్'కు మార్చినంక అడ్డం 44, నిలువు 44.