ఊళ్లో మచ్చల యూనిఫాం దాస్తుందా, ఉత్త షోకేనా?

నాపబండ_కడప:
‘అర్బన్ క్యామో’ (ఊళ్లో దాచే గుడ్డ) అని అమ్మే తెలుపు, బూడిద, నలుపు మచ్చల గుడ్డ ఊళ్లో మనిషిని దాచదు. పాత కర్నూలు సందుల్లో ఒక గోడ సున్నం, పక్కది గులాబీ, ఆ పక్కది పోస్టర్లు. నాలుగడుగులేస్తే వెనక రంగు మారిపోతుంది. అమెరికా ఆర్మీ 2004లో యూసీపీ అని ఎడారికీ, అడవికీ, ఊరికీ ఒకే గుడ్డ తెచ్చింది. కుదరలేదు. 2010లో ఆఫ్ఘనిస్తాన్‌కు పోయేవాళ్లకు మల్టీక్యామ్ అనే వేరే మచ్చల గుడ్డ ఇచ్చి, 2015 నుంచి ఓసీపీ అనే ఇంకో గుడ్డకు మారింది.

బురుజు_సందు:
యూసీపీ చెడితే అన్నీ చెడినట్టేనా అన్నా? 1980ల్లో పశ్చిమ బెర్లిన్‌లో బ్రిటిష్ వాళ్లు చీఫ్టెన్ ట్యాంకులకు తెలుపు, బూడిద, గోధుమ రంగుల్లో పెద్దపెద్ద చదరాలు పూసినారు. ఊళ్లో ఉండేది కిటికీ, తలుపు, మెట్టు, అన్నీ నిలువూ అడ్డం గీతలే. ఆకుల ఆకారం మచ్చలు అక్కడ ఎత్తి కనపడతాయి.

నాపబండ_కడప:
గోడవార ఆపిన ట్యాంకుకు సరే. కదిలితే చదరాలూ కదులుతాయి.

బురుజు_సందు:
ఆగినప్పుడు పనిచేస్తుందని నువ్వే ఒప్పుకున్నావు కదా.

తాడిపత్రోడు:
ట్యాంకు పక్కన పెట్టండప్పా 😀

చిత్రావతి:
ఇద్దరూ రంగు దగ్గరే ఆగినారు. మచ్చ సైజు చూడండి. చిన్న చుక్కలు దూరానికి కలిసిపోయి ఒకే రంగు ముద్దగా కనపడతాయి. యూసీపీ రంగులు మూడూ లేతవే, నలుపు లేదు, అందుకే అది ఇంకా త్వరగా ముద్దయింది. భుజం అంచు గీత, కాలి అంచు గీత విరిగి మనిషి ఆకారం తెలియకుండా పోవాలంటే పెద్ద మచ్చ, ముదురు-లేత తేడా రెండూ కావాల. అట్లని అచ్చ తెలుపు వద్దు, నీడలో అదే ముందు కంటబడుతుంది. ఊరి దుమ్ము కూడా తెల్లగా ఉండదు, మట్టిరంగే.

ఇంకోటి ఉతుకు. తెల్లదనం పెంచే సబ్బుపొడి, గంజి రెండూ వాడకూడదు. ఆ పొడిలోని మెరుపు మందు గుడ్డలో నిలిచిపోయి మెరుస్తుంది. బజారు గుడ్డకైతే కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ వెలుతురుకు తగ్గ అద్దకం చాలావరకు ఉండదు, చీకట్లో చూసే నైట్ విజన్‌ పరికరంలో మచ్చలన్నీ కలిసి మనిషి ఆకారం మొత్తంగా తేలిపోవచ్చు.

నాపబండ_కడప:
అదే నేననేది. కిటికీకి ఆనుకుని నిలబడినోణ్ణి ఏ గుడ్డా దాచదు. గదిలో రెండు మూడు మీటర్లు వెనక్కి జరిగి, వీపు వెనక వెలుతురు లేకుండా, ముందర పల్చటి తెర కట్టుకుంటే ముదురు రంగు చొక్కా చాలు. గుడ్డ అమ్మేవాళ్లకు ఇది రుచించదులే.

బురుజు_సందు:
మాట జాగ్రత్త సామీ. అమ్మేవాణ్ణి కాబట్టే చెప్తున్నా. రంగు వెలిసిందని ఒక ఆఫీసు బేలు బేలే వాపసు పంపింది, గంజి పెట్టి ఎండలో ఆరేసింది వాళ్లే. నష్టం మాకు. తప్పు గుడ్డదా, వాడకానిదా?

నాపబండ_కడప:
నీ బేలు నాకెందుకు? బందోబస్తుకొచ్చినోడు జనంలో దాక్కోవడం ఎందుకు, అది చెప్పు. 1992లో పెట్టిన, అల్లర్లు అదుపుచేసే కేంద్ర దళం ఆర్ఏఎఫ్ నీలి మచ్చలు వేసుకునేది దూరం నుంచే గుర్తుపట్టాలని. ఇప్పుడు యాడ చూసినా బూడిద మచ్చలు. వచ్చింది పోలీసో, మిలిటరీనో, ప్రైవేటు గార్డో జనానికి ఎట్లా తెలియాల?

బురుజు_సందు:
ఇదా నీ గొడవ! ఇంతసేపూ నేను మాట్లాడింది వీధి యుద్ధం గురించి. అక్కడ సైనికుడు పొలం దాటి ఊళ్లోకొస్తాడు, మధ్యలో బట్టలు మార్చుకోడు. 2022 జనవరి 15న మన ఆర్మీ చూపించిన కొత్త డిజిటల్ గుడ్డ ఆలివ్, మట్టి రంగుల్లో ఉండేది అందుకే బాగుంది.

నాపబండ_కడప:
ఆర్మీకి అది వేసుకోనీ, నేను వద్దన్నానా? నీ అంగట్లో ఆ బూడిద గుడ్డ కొనేది ఆర్మీ వాళ్లా?