ఫెయిర్ ఐల్ దీవిలో శరత్కాలపు వలస పక్షులను ఎలా నమోదు చేయాలి?

ప్రశ్న: చెరువుగట్టు (అబర్దీన్)

అందరికీ నమస్కారం. స్కాట్లాండ్‌కు ఉత్తరాన ఆర్క్నీ, షెట్లాండ్ దీవుల నడుమ ఉన్న ఫెయిర్ ఐల్‌కు సెప్టెంబరు చివరి వారంలో వెళ్తున్నాను. హైదరాబాదులో ఉన్నప్పుడు అమీన్‌పూర్ చెరువు దగ్గరా మంజీరా తీరానా పక్షులను చూసి, ఈబర్డ్ అనే పక్షుల నమోదు వెబ్‌సైటులో జాబితాలు పెట్టే అలవాటు ఉండేది. అయితే ఈ దీవిలోని పరిశీలన కేంద్రం 1948 నుంచి పక్షుల లెక్క రాస్తోందని చదివిన తరువాత, నేను రాసుకునేది నా సరదాకే కాకుండా ఆ లెక్కకు కూడా పనికిరావాలన్న కోరిక కలిగింది. దీవి సుమారు అయిదు కిలోమీటర్ల పొడవు, అందులో సగం వెడల్పు మాత్రమే ఉన్నా, అంతా ఒకరోజులో చూడగలనని అనుకోవడం లేదు. రోజూ ఎక్కడ నడవాలో, ఏ గాలికి ఏ పక్షులను ఆశించాలో, అరుదైన పక్షి కనబడితే ఏమేమి రాసుకోవాలో తెలిసినవారు చెప్పగలరు. పడమటి గాలి వీచే రోజున బయటికి వెళ్లడం దండగ అని ఇక్కడి మిత్రుడొకరు అన్నారు. అది నిజమేనా?

జవాబు: ఉత్తరపుగాలి (లెర్విక్)

చెరువుగట్టు గారూ, నేను షెట్లాండ్‌లోనే ఉద్యోగం చేస్తూ, వీలైన ప్రతి శరత్తులోనూ ఆ దీవికి వెళ్లివస్తుంటాను. ముందుగా గాలి సంగతి చెబుతాను. తూర్పు, ఆగ్నేయ గాలుల వల్లే ఆ దీవికి అంత పేరు వచ్చిన మాట నిజం. స్కాండినేవియా మీద ఆకాశం తేటగా ఉన్న సాయంత్రం పక్షులు దక్షిణానికి బయలుదేరతాయి. ఉత్తర సముద్రం నడిమికి వచ్చేసరికి మబ్బూ వానా కమ్ముకుంటే, తూర్పు గాలి వాటిని పడమరకు నెట్టేస్తుంది. తెల్లవారాక కంటబడిన మొదటి నేల మీద అవి దిగిపోతాయి. అలాంటి ఉదయాన, చెట్లు దాదాపు లేని ఆ దీవిలో, అయిదారు గ్రాముల బరువుండే గోల్డ్‌క్రెస్ట్ పిట్టలు రాతిగోడల సందుల్లోనూ గడ్డి మొదళ్లలోనూ, మీ బూట్లకు జానెడు దూరంలో సైతం, మీ ఉనికినే పట్టించుకోకుండా పురుగులు ఏరుకుంటూ కనబడతాయి. అవి అంత అలసటలో ఉన్నప్పుడు ఫోటో కోసం ఇంకొక అడుగు ముందుకు వేయకండి. ఆ కాసేపటి మేతే వాటి ప్రాణం నిలబెడుతుంది.

అయితే పడమటి గాలి దండగ అన్న మాటను నేను ఒప్పుకోను. వాయవ్యం నుంచి గాలి తిరిగిన రోజుల్లో ఐస్‌లాండ్, గ్రీన్‌లాండ్ వైపు నుంచి హూపర్ హంసలు, పింక్-ఫుటెడ్ గూస్‌ల బారులు, స్నో బంటింగులు, ల్యాప్‌లాండ్ బంటింగులు వస్తాయి. ఒకవేళ ఏవీ రాకపోయినా, ఏవీ రాలేదన్నది కూడా రాయవలసిన విషయమే. మీరు బయటికి వెళ్లని రోజుకూ, వెళ్లి నాలుగు గంటలు నడిచినా పక్షులు కనబడని రోజుకూ ఉన్న తేడా మీ పుస్తకంలో తెలియకపోతే, ఇరవై ఏళ్ల తరువాత ఆ పేజీలు తిరగేసేవారికి ఆ రెండూ ఒకేలా అనిపిస్తాయి. అందుకని బయలుదేరిన వేళ, తిరిగివచ్చిన వేళ, నడిచిన దారి, గాలి దిశ, వాన ఉన్నదీ లేనిదీ తప్పకుండా రాయండి.

నడవడానికి ఒకటి రెండు దారులు ఎంచుకుని రోజూ వాటినే పట్టుకోండి. దక్షిణాన ఊరివాళ్ల చిన్న కమతాలు ఉన్నాయి. అక్కడి ఓట్స్ ధాన్యపు చేలూ, టర్నిప్ మళ్లూ, నీటి కాలువలూ చిన్న పక్షులకు ఆశ్రయం. కొండచరియల్లోకి సముద్రం చొచ్చుకొచ్చిన ఇరుకు చీలికలను అక్కడివాళ్లు గియోలంటారు. గాలి ఉద్ధృతంగా ఉన్న రోజున పక్షులు వాటి లోపలి వాలులోకి దిగుతాయి. అంచున గడ్డి జారుతుంది కనుక నిలబడకుండా నేల మీద కూర్చుని చూడడమే మేలు. చేలలోకి దిగే ముందు ఆ ఇంటివారిని అడగండి, రాతిగోడలు ఎక్కి దూకకండి.

ఆ రోజు ఎవరెవరు ఏవేవి చూశారో సాయంత్రం ఒకచోట కూర్చుని, ఒక్కొక్క పక్షి పేరు చదువుతూ లెక్క రాయడం ఆ కేంద్రంలో ఆనవాయితీ. ఒకే రెడ్‌వింగ్ గుంపును ఇద్దరు వేర్వేరుగా లెక్కపెట్టి ఉంటే అక్కడే తేలిపోతుంది, కానీ అలా తేలాలంటే మీ పుస్తకంలో అంకెతో పాటు చోటూ, సమయమూ, గుంపు ఎగిరిపోయిన దిక్కూ ఉండాలి. ఇంకొక ముఖ్యమైన మాట. 2019 మార్చిలో ఆ కేంద్రం భవనం పూర్తిగా కాలిపోయింది. దశాబ్దాల రికార్డులకు అప్పటికే డిజిటల్ ప్రతులు తీసి ఉంచడం వల్లే అవి ఈనాడు మనకు మిగిలాయి. మీరు కూడా ఏ రోజు పేజీలను ఆ రాత్రే ఫోటో తీసి భద్రం చేసుకోండి.

జవాబు: తుమ్మపొద (అనంతపురం)

నేను ఆ దీవిని చూడలేదు కానీ, అక్కడ అరుదనిపించుకునే కొన్ని పక్షులు మన ప్రాంతంలో చలికాలమంతా ఉంటాయి కనుక ఒక విషయం చెప్పదలిచాను. బ్రిటన్‌లో బ్లైత్స్ రీడ్ వార్బ్లర్ మొదటిసారి నమోదైంది 1910లో, ఫెయిర్ ఐల్‌లోనే. సిట్రైన్ వ్యాగ్‌టెయిల్ కూడా 1954లో మొదట అక్కడే కనబడింది. మొదటిది మన సర్కారు తుమ్మ కంచెల్లో దాక్కుని రోజంతా "టక్, టక్" మంటూ ఉంటుంది. రెండవది మన చెరువుల అంచున బురదలో తోక ఊపుతూ తిరుగుతుంది. కాబట్టి మీ చెవికీ కంటికీ ఇవి కొత్త కావు.

అయితే ఆ పరిచయమే మిమ్మల్ని తొందరపెట్టవచ్చు. మనకు బాగా గుర్తున్న సిట్రైన్ వ్యాగ్‌టెయిల్ ఫిబ్రవరి, మార్చి నెలల్లో తల పసుపు తిరిగే మగపక్షి. శరత్తులో ఆ దీవికి వచ్చేవి ఎక్కువగా ఆ ఏడు పుట్టిన పిల్లలు, వాటి ఒంటి మీద పసుపు ఛాయే ఉండకపోవచ్చు. చెంపను చుట్టివచ్చే లేత రంగు పట్టీ, రెక్క మీద వెడల్పైన రెండు తెల్లని గీతలు, బూడిద రంగు వీపు చూడాలి. అలాగే బ్లైత్స్ రీడ్ వార్బ్లర్‌ను మామూలు రీడ్ వార్బ్లర్ నుంచి వేరుచేయడానికి పిలుపుతో పాటు పొట్టి రెక్కలనూ, కంటికి ముందు భాగంలో స్పష్టంగా ఉండే లేత కనుబొమ్మనూ, గోధుమ రంగులో ఎరుపు ఛాయ తక్కువగా ఉండడాన్నీ గమనించి రాయండి. "ఇది మా ఊళ్లో రోజూ చూసే పక్షే" అన్న వాక్యం అరుదైన పక్షుల నివేదికలను పరిశీలించే ఏ సంఘానికీ ఆధారం కాదు. పక్షులను గుర్తించే బొమ్మల పుస్తకం తెరవకముందే, పక్షి ఇంకా కళ్లెదుట ఉండగానే, చూసినవీ చూడలేకపోయినవీ రెండూ రాసుకోండి. కాళ్ల రంగు కనబడకపోతే కనబడలేదనే రాయండి.

చెరువుగట్టు

ఇద్దరికీ కృతజ్ఞతలు. పడమటి గాలి రోజున కూడా అదే దారిలో నడుస్తాను. ఇంకొక్క సందేహం ఉంది. ఉదయం నడిచిన దారిలోనే మధ్యాహ్నం మళ్లీ నడిస్తే, రెండు లెక్కలనూ కలపవచ్చా? ఫోనులో పిలుపులు రికార్డు చేస్తే ప్రయోజనం ఉంటుందా?

జవాబు: ఉత్తరపుగాలి (లెర్విక్)

కలపకండి. రెండు నడకలనూ విడిగా రాసి, ఒక్కొక్క జాతికి ఆ రెండింటిలో పెద్ద అంకెను ఆ రోజు లెక్కగా చెప్పండి. తలమీదుగా ఎగిరిపోయిన గుంపులను మాత్రం నేల మీద ఉన్నవాటితో చేర్చకుండా వేరే వరుసలో వేయండి. రికార్డింగు ఎంతో పనికొస్తుంది, ముఖ్యంగా గడ్డిలోంచి బయటికి రాని పక్షుల విషయంలో. ఫోనును గాలికి అడ్డంగా మీ ఒంటి చాటున పెట్టుకోండి. కానీ పక్షిని బయటికి రప్పించడానికి దాని పిలుపును వినిపించకండి.

వసతి ఏర్పాటు ముందే ఖరారు చేసుకోండి. పొగమంచు పట్టినా గాలి పెరిగినా షెట్లాండ్‌లోని టింగ్‌వాల్ నుంచి వచ్చే చిన్న విమానమూ, గ్రట్‌నెస్ నుంచి వచ్చే పడవా రెండూ ఆగిపోతాయి కనుక తిరుగు ప్రయాణానికి రెండు మూడు రోజులు అదనంగా ఉంచుకోండి.