లాట్ సగంలో ఉండగా రూట్ కార్డ్ రివిజన్ మారితే పాత సంతకాల సంగతేంటి?

విశాఖ ఆటోనగర్‌లో చిన్న మెషీన్ షాప్. పంప్ షాఫ్ట్‌లు 24, ఈఎన్8 స్టీల్, మొత్తం 9 ఆపరేషన్లు (10, 20, 30 అంటూ పదేసి నంబర్లు). ఆపరేషన్ల వరుస, ఒక్కోటి అయ్యాక పెట్టే సంతకం ఉండే కాగితం రూట్ కార్డే లాట్‌తో (ఒకేసారి నడిచే ఆ 24 ముక్కలతో) పాటు తిరుగుతుంది. 50వ నంబర్ ఆపరేషన్ (కీవే, అంటే కీ కూర్చునే గాడి) దాకా సంతకాలు పూర్తయ్యాక కస్టమర్ రివ్ బి బదులు కొత్త రివిజన్ రివ్ సి పంపాడు: బేరింగ్ సీటు 40 ఎంఎం, టాలరెన్స్ (కొలతలో ఒప్పుకునే తేడా) హెచ్6 బదులు కె6. అంటే 0/-16 మైక్రాన్లు కాస్తా +18/+2 అయింది. గ్రైండింగ్ ఇంకా మొదలవలేదు, అదొక్కటే అదృష్టం.

ఇప్పటిదాకా చేసినవి: ఎర్ర పెన్నుతో దిద్ది పొట్టి సంతకం పెట్టాం. ఆడిటర్ ఒప్పుకోలేదు, ఎవరు ఆమోదించారో, ఏ తేదీనో అందులో లేదన్నాడు. కొత్త కార్డ్ ప్రింట్ తీస్తే 10 నుంచి 50 వరకు గళ్లు ఖాళీ. చూడని పనికి మళ్లీ సంతకం పెట్టనని ఇన్‌స్పెక్టర్ అంటున్నాడు, అతనిది తప్పని నేననను. పాతది వెనక స్టేపుల్ చేసి పంపితే, బయట ఇండక్షన్ హార్డెనింగ్‌కి (పైపొరను వేడిచేసి గట్టిపరచడానికి) వెళ్లొచ్చేసరికి నూనె మరకలతో పై కాగితమే మిగిలింది. వాట్సాప్‌లో పీడీఎఫ్ పెట్టినా రెండో షిఫ్ట్ ఆపరేటర్ టూల్‌బాక్స్‌లో రివ్ బి జిరాక్స్ దొరికింది.

పాత కార్డ్‌ని 50 దగ్గర మూసేసి, అదే లాట్ నంబరుతో 60 నుంచి కొత్త కార్డ్ తెరిచేవాళ్లు, ఆ రెండింటినీ కలిపే గడిలో ఏం రాసి, ఎవరెవరి చేత సంతకం పెట్టిస్తున్నారు?